తాళం చిక్కుముడికి వేయాలి, తలుపుకు కాదు

శ్రీకాకుళం: డబ్బు చెల్లించి గదిలో పెట్టి తాళం వేయించుకోవడం, గంటలోగా బయటపడితే గెలిచామని సంబరపడడం నేటి యువతరం కొత్త ఆట. దీనిని ఎస్కేప్ రూమ్ అంటున్నారు. మన మాటలో చెప్పాలంటే బయటపడే గది ఆట. హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాలలో కొన్నేళ్లుగా సాగుతున్న ఈ ఆట జిల్లా కేంద్రాలకు చేరడానికి ఎంతో కాలం పట్టదు. టూరింగ్ టాకీసు వచ్చింది, వీడియో పార్లరు వచ్చింది, ఇంటర్‌నెట్ సెంటరు వచ్చింది. ఇదీ వస్తుంది. వచ్చేలోగా దీని మంచి చెడ్డలు ఆలోచించుకోవడం ఎంతైనా అవసరం.

వినగానే పెద్దవారికి నవ్వు రావడం సహజమే. ఈ జిల్లా నుంచి హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువకుడు సంక్రాంతికి ఇంటికి వచ్చి ఈ ముచ్చట చెబితే, "డబ్బులిచ్చి తాళం ఏయించుకోడమేటిరా నాయనా, సోద్యం కాకపోతే!" అని అతని నాయనమ్మ బుగ్గలు నొక్కుకుందట. ఆమె నవ్వుతూ అన్న మాటే అయినా అందులో కొట్టివేయలేని ప్రశ్న ఒకటి ఉంది. తాళం ఎవరు వేస్తున్నారు, దాని చెవి ఎవరి దగ్గర ఉంది అన్నదే ఆ ప్రశ్న.

ఆట తీరు

నలుగురైదుగురు మిత్రులు కలిసి వెళ్లాలి. నిర్వాహకుడు ముందుగా ఒక కథ చెబుతాడు. పాతకాలపు జమీందారు గది అనో, జైలు గది అనో, శాస్త్రవేత్త ప్రయోగశాల అనో ఉంటుంది. గడువు సామాన్యంగా 60 నిమిషాలు. గోడ మీద గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది. గదిలో పెట్టెలు, సొరుగులు, అంకెల తాళాలు, పటాలు, పుస్తకాలు అమర్చి ఉంటాయి. ఒక పటం వెనుక ఒక అంకె దొరుకుతుంది. ఒక పుస్తకంలో కొన్ని మాటల కింద గీతలు కనిపిస్తాయి. మామూలు వెలుగులో కానరాని రాత ప్రత్యేకమైన టార్చి వేస్తే గోడ మీద తేలుతుంది. ఒక తాళం తెరుచుకుంటే మరో తాళానికి ఆధారం లభిస్తుంది. అన్నిటికంటే చివరిది తలుపు. నిర్వాహకుడు మరో గదిలో కూర్చుని కెమెరాలో చూస్తుంటాడు. ఆటగాళ్లు ఎటూ తోచక నిలిచిపోతే చిన్న సూచన అందిస్తాడు.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపేవారని ఉత్తరాంధ్రలో తాతలు మనుమలకు చెబుతుంటారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నారు. అంతటి వస్తాదు దిగివచ్చినా ఈ గదిలో కండబలానికి పని లేదు. తాళం విరగగొట్టినవాడు ఓడినట్టే లెక్క. ఇక్కడ బుర్రే తాళంచెవి.

ఈ ఆటకు మూలం కంప్యూటరులో ఉంది. 2004లో జపాన్‌కు చెందిన తోషిమిత్సు తకాగి తయారుచేసిన క్రిమ్సన్ రూమ్ అనే ఆటలో మూసిన గది నుంచి వస్తువులు వెదికి బయటపడాలి. తెరమీది గదిని నిజం గదిగా మార్చినవాడు తకావో కాతో. ఆయన స్క్రాప్ అనే సంస్థ తరపున 2007లో క్యోటో నగరంలో తొలిసారి మనుషుల చేత ఈ ఆట ఆడించాడు. 2011లో హంగరీ రాజధాని బుడాపెస్టులో పారాపార్క్ అనే గది వెలిసింది. అక్కడి నుంచి ఐరోపా అంతటా, ఆ తర్వాత అన్ని ఖండాలకూ పాకింది.

మొదటి రెండు గదులు

పైన చెప్పిన యువకునికి ఈ ఆట అంటే వల్లమాలిన మోజు. నరసన్నపేట, టెక్కలి, బొబ్బిలి వైపు నుంచి వెళ్లి అక్కడే ఉద్యోగాలు చేస్తున్న మరో నలుగురు మిత్రులతో కలిసి సెలవు దొరికినప్పుడల్లా ఏదో ఒక గదికి వెళ్తుంటాడు. వారిలో ఇద్దరు ఆడపిల్లలు. ఆ అయిదుగురి అనుభవాలు వింటే ఈ ఆటలో ఉన్న మేలు ఏమిటో, కీడు ఎక్కడ దాగి ఉందో తేటతెల్లమవుతుంది.

మొదటి గదిలో వారు ఓడిపోయారు. తలుపు పడగానే అయిదుగురూ అయిదు మూలలకు పరుగెత్తారు. ఎవరికి దొరికింది వారు దాచుకున్నారు. ఒకనికి చిన్న తాళంచెవి దొరికితే, దానికి సరిపోయే పెట్టె తానే కనిపెట్టి మెప్పు పొందాలని జేబులో వేసుకున్నాడు. ఆ పెట్టె రెండోవాని చేతిలో ఉంది. అరగంటసేపు ఒకరు తాళంచెవి పట్టుకుని, మరొకరు పెట్టె పట్టుకుని పక్కపక్కనే తిరిగారు. గంట గడిచాక నిర్వాహకుడు తలుపు తీసి విషయం చెబితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలు వంచుకున్నారట. వరి పొలానికి నీరు రాకపోవడానికి కాలువలో నీరు లేకపోవడం ఒక కారణమైతే, ఎవరి మడవ వారు కట్టుకోవడం మరో కారణమని రైతులకు వేరే చెప్పనక్కరలేదు. గదిలోనూ అదే జరిగింది.

రెండోసారి పద్ధతి మార్చారు. దొరికిన ప్రతి వస్తువునూ పైకి చెప్పి గది మధ్య బల్ల మీద పెట్టాలని కట్టుబాటు చేసుకున్నారు. పని అయిపోయిన తాళంచెవులు ఒక పక్కన, కానివి మరో పక్కన. ఆ రోజు చిక్కు విప్పింది అందరికంటే తక్కువ మాట్లాడే బొబ్బిలి అమ్మాయి. మగపిల్లలు ముగ్గురూ గోడ మీది అంకెలను కూడి, తీసివేసి, హెచ్చవేసి అలసిపోతే, ఆమె నెమ్మదిగా, "అవి అంకెలు కావేమో, పుస్తకాల వరుసలో స్థానాలేమో చూడండి" అంది. పుస్తకాల పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే మాట వచ్చింది, తాళం ఊడింది. ఆమె ఆ మాట అంతకుముందు రెండుసార్లు అన్నదనీ, ఎవరూ వినిపించుకోలేదనీ తర్వాత తెలిసింది. నలుగురు కూర్చున్న చోట నోరున్నవాని మాటే నెగ్గడం మన రచ్చబండల దగ్గర కూడా కొత్త కాదు. మెల్లగా అన్న మాట వినకపోతే ఏమి పోగొట్టుకుంటామో ఈ ఆట గంటలో చూపించింది.

కరెంటు పోతే సంగతేమిటి?

మూడో గదిలో ఆట మొదలు కాకముందే నరసన్నపేట కుర్రవాడు నిర్వాహకుణ్ణి ఒక ప్రశ్న అడిగాడు: "కరెంటు పోతే ఏటండీ సంగతి?" 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని తాకిన తర్వాత ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి చీకటిలో మగ్గిన సంగతి ఎరిగిన జిల్లావానికి ఆ ప్రశ్న తట్టడంలో వింత లేదు.

ఆ నిర్వాహకుడు ఓపికగా బదులిచ్చాడు. తలుపును పట్టి ఉంచుతున్నది గొళ్లెం కాదు, విద్యుత్తుతో పనిచేసే అయస్కాంతం. కరెంటు ఉన్నంతవరకే దానికి పట్టు. కరెంటు పోతే పట్టు దానంతట అదే వదిలిపోతుంది, తలుపు తోస్తే వస్తుంది. అదీగాక తలుపు పక్కనే ఒక బొత్తాం ఉంది. ఎవరికైనా ఊపిరాడనట్టు అనిపించినా, భయం వేసినా అది నొక్కి ఏ క్షణానైనా బయటికి రావచ్చు. మాట చెప్పి ఊరుకోలేదు, అయిదుగురి చేతా ఒక్కొక్కసారి నొక్కించి చూపాడు. ఆ తర్వాతే ఆట మొదలైంది. ఇంకా మూడు నిమిషాలు ఉండగా వారు గెలిచి బయటపడ్డారు. అందరికీ చెమటలు పట్టాయి.

నాలుగో గది మరో నగరంలో. ఇరుకు సందులో, మేడ మీద. మెట్లు ఒకే వైపు. తలుపుకు బయట నుంచి మామూలు తాళం కప్ప. టిక్కెట్లు ఇచ్చేదీ, తాళం వేసేదీ, కెమెరా చూసేదీ ఒక్కడే. నరసన్నపేట కుర్రవాడు తన పాత ప్రశ్నే అడిగాడు. "ఏమీ కాదు సార్, ఇంతవరకు ఏమీ కాలేదు" అన్నది సమాధానం. లోపలి నుంచి తెరిచే దారి ఏదని అడిగితే, అలా తెరుచుకుంటే ఇంక ఆట ఏముందని ఎదురు ప్రశ్న వచ్చింది. అయిదుగురూ కట్టిన డబ్బు వదులుకుని మెట్లు దిగి వచ్చేశారు. ఆడకుండా వచ్చిన ఆ గది గురించే వారు ఎక్కువ గర్వపడడం గమనార్హం.

మూసిన తలుపు చెప్పే కథలు

ఇంతవరకు ఏమీ కాలేదు అన్న ధీమా ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఉదాహరణలకు కొదవ లేదు. 2019 జనవరి 4న పోలండ్ దేశంలోని కొషాలిన్ పట్టణంలో పుట్టినరోజు పండుగ కోసం అయిదుగురు బాలికలు ఇలాంటి గదికి వెళ్లారు. అందరికీ 15 ఏళ్లు. గది వెలుపల గ్యాసు హీటరు నుంచి మంట లేచింది. లోపలి నుంచి తెరిచే వీలు లేక, విషవాయువు పీల్చి అయిదుగురూ చనిపోయారు. ఆ మీదట గాని అక్కడి ప్రభుత్వం దేశమంతటా ఇటువంటి గదులను తనిఖీ చేయించలేదు. లోపాలున్న అనేకం మూతపడ్డాయి. తనిఖీ ముందు జరిగి ఉంటే అయిదు ఇళ్లలో దీపం ఆరిపోయేది కాదు.

మన దేశంలో 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ఆటల కేంద్రం తగలబడి పిల్లలతో సహా 27 మంది మరణించారు. అది వేసవి సెలవుల కాలం. అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం లేకుండానే అది నడుస్తున్నట్లు తర్వాత బయటపడింది. ఇది మనుషులు చేతులారా తెచ్చుకున్న విపత్తు అని ఆ రాష్ట్ర హైకోర్టు వ్యాఖ్యానించింది. అంతకు ముందు 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోయారు. అక్కడ బాల్కనీ నుంచి బయటికి పోయే దారిలో అదనపు కుర్చీలు వేసి ఉన్నాయి. వీరిలో ఎవరూ చావుతో ఆడుకోవాలని వెళ్లినవారు కారు. సరదా కోసం వెళ్లి, దారి లేక ప్రాణాలు విడిచారు.

పోలండ్, రాజ్‌కోట్, ఢిల్లీ మనకు దూరం అనుకోవడానికి వీలు లేదు. 2025 నవంబరు 1న ఏకాదశి నాడు ఈ జిల్లాలోనే కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది మరణించారు. వారిలో ఎక్కువ మంది ఆడవారు. మెట్ల దగ్గర రెయిలింగు విరిగింది. వచ్చేవారికీ పోయేవారికీ ఒకే దారి కావడం నష్టాన్ని పెంచిందని వార్తలు వచ్చాయి. గుడికీ ఆటగదికీ పోలిక ఏమిటని ఎవరైనా అనవచ్చు. మనిషి ప్రాణానికి కావలసిన దారి విషయంలో రెండింటికీ తేడా లేదు.

రెండో తలుపు ఎక్కడ?

ఆ యువకుడు చెప్పిన మాటల్లో అన్నిటికంటే విలువైనది ఒకటి ఉంది. ఈ ఆట అలవాటైన తర్వాత తాను ఏ కల్యాణ మండపానికి వెళ్లినా, ఏ సినిమా హాలుకు వెళ్లినా మొదట రెండో తలుపు ఎక్కడుందో చూసుకుంటున్నాడట. మిత్రులు వేళాకోళం చేసినా మానలేదు. ఆట నేర్పిన చదువు ఇది.

మనలో ఎంతమందికి ఆ అలవాటు ఉంది? పెళ్లికి వెళ్తే వంటశాల ఏ పక్కన ఉందో కనిపెడతాము గాని బయటికి రెండో దారి ఏ పక్కన ఉందో చూడము. కోచింగు సెంటరు ఫీజు ఎంతని అడిగే తండ్రి, మేడ మీది తరగతి గది నుంచి దిగడానికి మెట్లు ఎన్ని వైపుల ఉన్నాయని అడగడు. హాస్టలులో కూర బాగుందా అని అడిగే తల్లి, రాత్రి గ్రిల్లుకు తాళం వేశాక దాని చెవి ఎవరి దగ్గర ఉంటుందని అడగదు. అడిగితే చాదస్తం అంటారని జంకు. నరసన్నపేట కుర్రవాడు జంకకుండా అడిగాడు గనుకనే అయిదుగురూ ఆ మేడ దిగి రాగలిగారు.

తాళం లేకపోతే రక్తి కట్టదా?

నిజంగా తాళం వేయకపోతే ఆటలో పస ఉండదని వాదించేవారు ఉన్నారు. ఈ వాదనలో బలం లేదు. అయస్కాంతం తలుపు, బొత్తాం ఉన్న మూడో గదిలో ఆ అయిదుగురికి చెమటలు పట్టకుండా పోలేదు. ఏ క్షణానైనా బయటికి పోగలమని తెలిసీ పోలేదు. వారిని తరిమింది తాళం కాదు, గోడ మీది గడియారం. కబడ్డీలో కూత ఆపిన మరుక్షణం ఊపిరి పీల్చుకోవచ్చునని ఆటగానికి తెలియదా? అయినా కూత ఆపడు. గీత దాటి రావాలన్న పట్టుదలే ఆటకు ప్రాణం. ఊపిరి నిజంగా బిగించితే అది ఆట కాదు.

ఇది డబ్బున్నవారి సరదా అని తోసిపుచ్చేవారు మరికొందరు. నగరంలో మనిషికి వందల రూపాయలు వసూలు చేస్తున్న మాట నిజమే. కాని ఆటలో ఖరీదైనది అద్దె, అలంకరణ. చిక్కుముడికి ఖరీదు లేదు. పొడుపు కథ విప్పని పల్లె ఉత్తరాంధ్రలో ఉందా? నాయనమ్మలు అరుగు మీద కూర్చుని అడిగిన పొడుపు కథలకు అంకెల తాళం తగిలిస్తే అదే ఎస్కేప్ రూమ్.

ఊరి బడిలోనే ఆడించవచ్చు

ఒక తరగతి గది, నాలుగు రేకు పెట్టెలు, కొట్టులో దొరికే అంకెల తాళాలు నాలుగు చాలు. గది తలుపు బార్లా తెరిచే ఉండాలి. బయటపడవలసింది పిల్లలు కాదు, పెట్టెలో ఉన్న బహుమతి. మొదటి పెట్టె తాళానికి గిడుగు రామమూర్తి పుట్టిన రోజు పెట్టవచ్చు. ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము గనుక 2908 అని పిల్లలు కనుక్కోవాలి. రెండో పెట్టెకు శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన 1950. మూడో దానికి గురజాడ కన్యాశుల్కం తొలిసారి ప్రదర్శించిన 1892. నాలుగో దానిలో ఒక అంకె శ్రీకూర్మంలోని ధ్వజస్తంభాల సంఖ్య 2 కావచ్చు. మరో అంకె అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామిని తాకే మార్చి నెలకు గుర్తుగా 3 కావచ్చు. ఏ పుస్తకంలో వెదకాలో సూచన మాత్రం ఇచ్చి, గడియారం పెట్టి వదిలితే పిల్లలు ఆటలోనే జిల్లా చరిత్ర చదువుతారు. మాట్లాడని పిల్ల మాట కూడా వినడం నేర్చుకుంటారు.

ఏటా వేసవిలో గ్రంథాలయాల్లో పిల్లలకు శిబిరాలు నిర్వహించడం ఆనవాయితీ. ఆ శిబిరాల్లో ఈ ఆటకు ఒక పూట కేటాయిస్తే అలమారలో దుమ్ము పట్టిన పుస్తకాలకు కూడా మోక్షం కలుగుతుంది. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. రాజాంలో, విజయనగరంలో ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. అయస్కాంతం తాళాలు, దీపాలు అమర్చగల విద్యార్థులు అక్కడ ఎందరో ఉన్నారు. వారు పూనుకుంటే నగరాలకు తీసిపోని గది జిల్లాలోనే తయారవుతుంది.

ఇప్పుడే చేయవలసింది

ఇక వ్యాపారంగా ఈ ఆట వచ్చే రోజుకు అధికారులు ముందే సిద్ధపడాలి. ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం 1999 నుంచి ఉంది. కాని అద్దె ఇంటి మేడ మీద రెండు గదులు తీసుకుని తెరిచిన దుకాణం ఏ పద్దు కిందికి వస్తుందన్న తర్జనభర్జనలో కాలం గడిచిపోకూడదు. మునిసిపాలిటీ లైసెన్సు ఇచ్చే ముందే అయిదు విషయాలు చూస్తే చాలు. తాళంచెవి అవసరం లేకుండా తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి. కరెంటు పోతే తలుపు బిగుసుకోకుండా వదులు కావాలి. బయటికి రెండు దారులు ఉండాలి, వాటిలో కుర్చీ గాని సామాను గాని అడ్డుండరాదు. గ్యాసు బండ, జనరేటరు, నూనె డబ్బాలు దారికి దూరంగా ఉండాలి. ఆట సాగినంతసేపు చూసే మనిషి కదలరాదు, టిక్కెట్లు అమ్మే పని అతనికి అప్పగించరాదు.

అధికారులు చూసినా చూడకపోయినా, చూడవలసిన బాధ్యత ఆడేవారికీ ఉంది. టిక్కెట్టు కొనే ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "కరెంటు పోతే ఏటండీ సంగతి?" సరైన జవాబు వస్తే లోపలికి వెళ్లి కడుపారా ఆడుకోవచ్చు. రాకపోతే మెట్లు దిగి రావడానికి సిగ్గుపడనక్కరలేదు. పిల్లల బుర్రకు పదును పెట్టే ఇటువంటి ఆటలు జిల్లాకు రావాలి, పల్లెలకూ చేరాలి. వాటి వెంట తాళం కప్ప మాత్రం రాకూడదు.